టారో నేర్చుకుంటున్నారా? డెక్ పక్కన ఒక నోట్‌బుక్ ఉండాలి



టారో మీద వీడియో చేసిన ప్రతిసారీ నన్ను ఎక్కువమంది అడిగేవి రెండే. "హిందువులం కదండీ, ఇవి ముట్టుకోవచ్చా?" అనేది ఒకటి. "ఏ డెక్ కొనమంటారు?" అనేది రెండోది. తీసిన కార్డుని ఎక్కడ, ఎలా రాసుకోవాలి అని మాత్రం ఎవరూ అడగరు. నేర్చుకునేవాళ్లకి అన్నిటికంటే పనికొచ్చేది అదే అని నా అభిప్రాయం. పది నిమిషాల వీడియోలో పట్టని సంగతి కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఆ మొదటి ప్రశ్న తేల్చేద్దాం. టారో మన శాస్త్రం కాదు. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పేకాటగా పుట్టింది. మిలాన్ ప్రభువులు విస్కోంటి, స్ఫోర్జా కుటుంబాల కోసం బంగారు రేకు అద్ది వేసిన కార్డులు న్యూయార్క్ మోర్గాన్ లైబ్రరీలో, ఇటలీలోని బెర్గామోలో ఇప్పటికీ ఉన్నాయి. జోస్యం చెప్పడానికి వీటిని బాగా వాడటం మొదలైంది 18వ శతాబ్దం చివర్లో, ఫ్రాన్స్‌లో. 1781లో కూర్ ద జెబెలాన్ అనే పండితుడు ఇదంతా ప్రాచీన ఈజిప్టు జ్ఞానం అని రాసేశాడు. అప్పటికి ఈజిప్టు చిత్రలిపి చదవడం ఎవరికీ రాదు. షాంపోలియన్ దాని గుట్టు విప్పింది 1822లో! చూశారా, ఎంత ధైర్యమో. ఈరోజు మనవాళ్లలో ఎక్కువమంది కొనే డెక్ 1909లో లండన్‌లో రైడర్ సంస్థ అచ్చు వేసింది. ఆలోచన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్‌ది, బొమ్మలు గీసింది పమేలా కోల్మన్ స్మిత్. చాలాకాలం ఆ డెక్‌ని "రైడర్ వెయిట్" అనే పిలిచారు, బొమ్మలన్నీ గీసినావిడ పేరు మాత్రం వదిలేశారు. మన నోట్‌బుక్‌లోనైనా ఆవిడ పేరు కలిపి రాద్దాం.

కాబట్టి ఇందులో దీక్ష లేదు, మంత్రం లేదు, మన ఇష్టదైవానికి పోటీ అంతకంటే లేదు. ఇలాంటివి మనకి కొత్తా? చిలక జోస్యం చూడని తెలుగువాళ్లం ఉన్నామా! పంజరంలోంచి చిలక బయటికొచ్చి, వరుసలోంచి ఒక కార్డు ముక్కుతో లాగి, మళ్లీ బుద్ధిగా లోపలికి వెళ్లిపోతుంది. ఉత్తరాదిన రామచరితమానస్ ప్రతుల్లో రామశలాక ప్రశ్నావళి అని అక్షరాల గళ్లు ఉంటాయి, కళ్లు మూసుకుని వేలు పెడతారు. చిలక లాగినా, వేలు పెట్టినా, డెక్ కలిపి తీసినా, ఆ తర్వాత ఆ ముక్కతో మనం ఏం చేస్తాం అన్నదగ్గరే అసలు సంగతి ఉంది. నా వరకు నేను డెక్‌ని పూజగదిలో పెట్టను. రాసుకునే బల్ల మీద, పెన్నుల డబ్బా పక్కన ఉంటుంది. పొద్దున దీపం తర్వాతే కార్డు. ఇది నా అలవాటు, నియమం అనుకోకండి.

జ్ఞాపకం మన పక్షమే మాట్లాడుతుంది

నోట్‌బుక్ ఎందుకు అంటే, మన జ్ఞాపకానికి మనల్ని మెచ్చుకోవడం బాగా ఇష్టం. దీని మీద ఒక మంచి పరిశోధన ఉంది. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనాకి, సోవియట్ యూనియన్‌కి వెళ్తున్నప్పుడు, బరూచ్ ఫిష్‌హాఫ్, రూత్ బేత్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు కొంతమంది విద్యార్థుల్ని అడిగారు: ఈ పర్యటనలో ఫలానాది జరగడానికి ఎంత అవకాశం ఉందనుకుంటున్నారు, అని. పర్యటన అయిపోయాక మళ్లీ పిలిచి, "అప్పుడు మీరు ఎంత అన్నారో గుర్తు చేసుకుని చెప్పండి" అన్నారు. జరిగిపోయిన విషయాల దగ్గరికి వచ్చేసరికి, తాము మొదట చెప్పినదానికంటే ఎక్కువ నమ్మకంగా చెప్పినట్టు గుర్తు చేసుకున్నారు. అబద్ధం ఆడలేదు వాళ్లు. నిజంగానే అలా గుర్తుంది. "నేను ముందే అన్నానుగా" అనే మాట ఎలా పుడుతుందో అర్థమైంది కదా?

టారోలో ఇది పది రెట్లు. సోమవారం కార్డు చూసి "ఏదో మార్పు రాబోతోంది" అనుకుంటాం. గురువారం ఆఫీసులో సీటు మారుస్తారు. "అబ్బ, కార్డు ఎంత కరెక్ట్‌గా చెప్పింది!" అంటాం. సీటు మారకపోయి ఉంటే? పీజీలో రూమ్‌మేట్ మారినా సరిపోయేది, హెయిర్‌కట్ చేయించుకున్నా సరిపోయేది.

ఎవరికైనా సరిపోయే మాటల గురించి ఇంకో ప్రయోగం ఉంది. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ ప్రొఫెసర్ తన క్లాసులో 39 మందికి వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, వారం తర్వాత ఒక్కొక్కరికీ "ఇది నీ ఫలితం" అని ఒక కాగితం ఇచ్చాడు. ఎంత సరిగ్గా ఉందో 5కి మార్కులు వేయమన్నాడు. సగటు 4.26 వచ్చింది. అందరికీ ఇచ్చింది ఒకే కాగితం! అందులోని వాక్యాల్ని చాలావరకు బజార్లో దొరికే జ్యోతిష్యం పుస్తకంలోంచి తీసుకున్నాడు.

ఇవన్నీ చెప్పి టారో మానేయమంటున్నానా? లేదండీ. నేనూ వారంలో నాలుగైదు రోజులు కార్డు తీస్తాను. నాకు ఆ బొమ్మలు ఇష్టం, వాటి ముందు కూర్చుంటే నా మనసులో ఉన్నది నాకే బయటికి కనిపిస్తుంది. కాకపోతే ఆ పని జరగాలంటే ఏం చూశానో, ఏం అనుకున్నానో అప్పటికప్పుడు కాగితం మీద పడాలి. లేకపోతే మిగిలేది నెల తర్వాత మనకి నచ్చినట్టు అల్లుకున్న కథే.

పేజీ ఎలా ఉంటుంది

ఖరీదైన లెదర్ జర్నల్ అక్కర్లేదు. 200 పేజీల రూళ్ల లాంగ్ నోట్‌బుక్ చాలు. ఫోన్ నోట్స్‌లో రాయకండి అని గట్టిగా చెప్తాను. ఫోన్‌లో రాసింది రేపు దిద్దేస్తే గుర్తుండదు. కాగితం మీద కొట్టేస్తే కొట్టివేత కనిపిస్తుంది. ఆ కొట్టివేత కూడా మనకి పనికొచ్చే సమాచారమే.

ఎడమ పేజీ మాత్రమే వాడండి. కుడి పేజీ ఖాళీగా వదిలేయండి, అది తర్వాత వచ్చి చూసుకున్నప్పుడు రాయడానికి. ఎడమ పేజీ పైన తేదీ, టైము. టైము మర్చిపోవద్దు, ఎందుకో కింద చెప్తాను. తిథి, నక్షత్రం రాసుకునే అలవాటుంటే రాసుకోండి. కార్డు తిప్పకముందే ప్రశ్నని పూర్తి వాక్యంగా రాయండి. "జాబ్?" అని రాస్తే అది ప్రశ్న కాదు, దిగులు. కార్డు చూశాక ప్రశ్న రాస్తే, తెలియకుండానే ఆ కార్డుకి నప్పే ప్రశ్న రాసేస్తాం.

కార్డు తిప్పాక పుస్తకం తెరవకండి. యూట్యూబ్ కూడా, నాది కూడా. ముందు బొమ్మలో కళ్లకి కనిపించేది నాలుగు లైన్లు రాయండి. ఎవరున్నారు, ఎటు చూస్తున్నారు, చేతిలో ఏముంది, ఆకాశం ఎలా ఉంది. అది అయ్యాకే పుస్తకంలో అర్థం చూసి ఒక లైను. వేరే రంగు ఇంకుతో రాస్తే ఇంకా మంచిది, పుస్తకం మాట ఏదో మన మాట ఏదో ఎప్పటికీ కలిసిపోదు. ఆఖర్న "కాబట్టి" అని మొదలుపెట్టి ఒకే ఒక్క వాక్యం. ఆ వాక్యం తర్వాత సరిచూసుకోగలిగేలా ఉండాలి. "శక్తి మారుతోంది" లాంటిది పనికిరాదు.

నా నోట్‌బుక్‌లోంచి ఒక పేజీ చూపిస్తాను.

మంగళవారం, ఉదయం 6:50. ప్రశ్న: "వేరే టీమ్‌కి మారడం గురించి మేనేజర్‌తో ఈ వారం మాట్లాడనా?" కార్డు: కత్తుల్లో రెండు. కనిపించింది: "రాతి బల్ల మీద ఒకామె కూర్చుంది. కళ్లకి గంతలు. రెండు చేతుల్లో రెండు పెద్ద కత్తులు, ఛాతీ ముందు అడ్డంగా. వెనక నీళ్లు, నీళ్లలో రాళ్లు, పైన నెలవంక. గంతలు ఎవరో కట్టినట్టు లేదు. కూర్చున్న తీరు చూస్తే తనే కట్టుకున్నట్టుంది. చేతులు నొప్పెట్టడం లేదా?" పుస్తకం: "ఎటూ తేల్చుకోలేకపోవడం, ప్రతిష్టంభన." తర్వాత: "కాబట్టి: టీమ్ మారితే అప్రైజల్ ఏమవుతుందో నాకు తెలియదు. శుక్రవారంలోగా కంపెనీ పాలసీ చదువుతాను."

అంతే. కార్డు మాట్లాడమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. గంతల దగ్గర నా కళ్లు ఆగాయి, నేను చూడకుండా వదిలేసినది ఏంటా అని ఆలోచన అటు వెళ్లింది. శనివారం కుడి పేజీలో రాసింది ఒక్క లైను: "చదివాను, సైకిల్ మధ్యలో మారితే రేటింగ్ పాత మేనేజరే ఇస్తారు, మార్చి తర్వాత అడుగుతాను." జోస్యం ఫలించిందా అనే ప్రశ్నే ఇక్కడ లేదు చూడండి. వాక్యం అలా రాసుకుంటే ఆ ప్రశ్న రాదు.

ఒకే కార్డు, రెండు మాటలు

నెల నిండాక వెనక్కి తిరగేయండి. మజా అక్కడుంది. కప్పుల్లో ఎనిమిది అని ఒక కార్డుంది. పేర్చిన ఎనిమిది కప్పుల్ని వదిలేసి, ఎర్రటి అంగీ వేసుకున్న మనిషి ఒకడు చేతికర్రతో కొండల వైపు నడుస్తుంటాడు, మనకి వీపు మాత్రమే కనిపిస్తుంది, పైన చంద్రుడు. నా పేజీల్లో అది రెండు నెలల్లో మూడుసార్లు వచ్చింది. మొదటిసారి నేను రాసిన మాట "బయల్దేరాడు". రెండోసారి "వెళ్లిపోతున్నాడు". మూడోసారి, ఇంట్లో ఒక విషయం మీద మాటా మాటా పెరిగిన వారంలో, "పారిపోతున్నాడు" అని ఉంది. బొమ్మలో గీత కూడా మారలేదు, 1909 నుంచి ఆ మనిషి అలాగే నడుస్తున్నాడు. మారింది నా మాట. ఆ మూడు పేజీలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే, ఆ వారం నా మీద నాకే ఎంత కోపంగా ఉందో తెలిసింది. ఏ పుస్తకంలోనూ ఇది దొరకదు. బొమ్మని సొంత మాటల్లో రాయకుండా "కప్పుల్లో ఎనిమిది: త్యాగం, అన్వేషణ" అని కాపీ చేసుకుని ఉంటే నోట్‌బుక్‌లో కూడా దొరికేది కాదు.

ఇంతకీ "అదే కార్డు మళ్లీ మళ్లీ వస్తోంది, వెంటపడుతోంది" అని చాలామంది భయపడతారు. లెక్క చెప్తాను, ఇంజనీరింగ్ చదివినవాళ్లు ఎలాగూ వేసుకోగలరు. డెక్‌లో 78 కార్డులు. రోజూ ఒకటి తీసి, మళ్లీ లోపల కలిపేస్తే, పదకొండు రోజుల్లో ఏదో ఒక కార్డు రెండోసారి వచ్చే అవకాశం సగం కంటే కాస్త ఎక్కువే. ముప్పై రోజులు తీసి ముప్పై వేర్వేరు కార్డులు రావడం వందలో ఒక వంతు కూడా ఉండదు. నెలలో ఏదో ఒక కార్డు మూడుసార్లు పలకరించినా అరుదేమీ కాదు. దీనికి తోడు మనం డెక్ సరిగ్గా కలపం. 52 ముక్కల పేకని బాగా కలపాలంటే రెండు సగాలుగా చేసి బొటనవేళ్లతో టపటపమని కలిపే పద్ధతిలో ఏడుసార్లు కావాలని 1992లో బేయర్, డయాకోనిస్ అనే గణితజ్ఞులు తేల్చారు. మన 78 కార్డులు పెద్దవి, మందం. చేతిలో పైపైన నాలుగుసార్లు తిప్పి తీసేస్తాం. నిన్న పైన పెట్టిన కార్డు ఇవాళ పై భాగంలోనే ఉంటుంది మరి. అందుకని నోట్‌బుక్ చివరి పేజీల్లో 78 పేర్లూ రాసి, వచ్చిన ప్రతిసారీ ఎదురుగా ఒక గీత పెట్టుకోండి. భయం వేసినప్పుడు ఆ గీతలు చూస్తే సగం తగ్గుతుంది. ఇంకో లెక్క కూడా: మేజర్ అర్కానా 22 కార్డులు, అంటే తీసిన ప్రతి వంద కార్డుల్లో దాదాపు 28 అవే ఉంటాయి. "ఈ వారం రెండు మేజర్లు వచ్చాయి, ఏదో పెద్దది జరగబోతోంది" అనుకోనక్కర్లేదు.

డెత్ కార్డు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని చూసి డెక్ పక్కన పడేసినవాళ్లు నాకు తెలుసు. పదమూడో నంబరు. తెల్లగుర్రం మీద కవచం తొడుక్కున్న అస్థిపంజరం, చేతిలో నల్లజెండా, జెండా మీద తెల్ల గులాబీ. కింద రాజు పడి ఉన్నాడు, ఎదురుగా మతాచార్యుడు చేతులు జోడించి నిలబడ్డాడు, ఒక అమ్మాయి మొహం తిప్పుకుంది. ఒక పసిపాప మాత్రం తల పైకెత్తి చూస్తోంది. దూరంగా రెండు బురుజుల మధ్య సూర్యుడు. ఇది వచ్చిన రోజు మిగతావి రాయకపోయినా పర్లేదు, ఒక్కటి రాయండి: ఈ నలుగురిలో ఈరోజు మీరు ఎవరు? నచికేతుడి కథ తెలిసినవాళ్లకి ఆ పాప దగ్గర ఆగాలనిపిస్తుంది, నాకూ అలాగే అనిపించింది. కానీ అది నేను తెచ్చి పెట్టుకున్న పోలిక. వెయిట్, స్మిత్‌ల మనసులో యముడూ లేడు, కఠోపనిషత్తూ లేదు.

ఇది మనలాంటివాళ్లు జాగ్రత్తగా ఉండాల్సిన చోటు. ఈ కార్డుల్లో చాలా బొమ్మలు క్రైస్తవ యూరప్‌వి. జడ్జ్‌మెంట్ కార్డులో దేవదూత బాకా ఊదుతుంటే శవపేటికల్లోంచి మనుషులు లేస్తారు. వరల్డ్ కార్డు నాలుగు మూలలా మనిషి, గద్ద, ఎద్దు, సింహం ఉంటాయి, అవి బైబిల్ సంప్రదాయంలోంచి వచ్చినవి. మనకి వెంటనే గరుడుడు, నంది, అమ్మవారి సింహం గుర్తొస్తారు. రావాలి కూడా, మన మనసు మన ఇంట్లోనే పెరిగింది కదా. వాటిని "నాకు గుర్తొచ్చినవి" అని విడిగా రాసుకోండి. "ఈ కార్డు అర్థం నంది" అని రాయకండి. అలా రాస్తే కార్డుకీ న్యాయం జరగదు, నందికీ జరగదు.

పధ్నాలుగు సార్లు

టైము తప్పకుండా రాయమన్నాను కదా. మా పిన్ని కూతురు సంగతి చెప్తాను, తనే రాయమంది. మాదాపూర్‌లో పీజీలో ఉండి ఉద్యోగం చేస్తోంది. పెళ్లిచూపులు అయ్యాయి, అబ్బాయి తనకి నచ్చాడు. వాళ్లు "ఇంటికెళ్లి ఫోన్ చేస్తాం" అని వెళ్లారు. వారం దాటినా ఫోన్ లేదు. మన పద్ధతి తెలుసుగా, ఆడపిల్ల వాళ్లు ముందు అడగకూడదు, చులకనైపోతాం. తను కార్డులు నేర్చుకోవడం మొదలుపెట్టి అప్పటికి రెండు నెలలు. నోట్‌బుక్ మాత్రం నేను చెప్పినట్టే రాస్తోంది.

ఆదివారం ఇంటికొచ్చి నోట్‌బుక్ నా ఒళ్లో పెట్టింది. "అక్కా, కార్డులు ఒక్కోసారి ఒక్కోలా చెప్తున్నాయి. మొన్న లవర్స్ వచ్చింది, నిన్న కత్తుల్లో తొమ్మిది వచ్చింది. ఏది నిజం?"

కార్డుల పేర్లు నేను చదవలేదు. తేదీలు, టైములు, ప్రశ్నలు మాత్రం వరుసగా చదివాను. తొమ్మిది రోజుల్లో పధ్నాలుగు సార్లు అదే ప్రశ్న. మొదటి నాలుగూ సాయంత్రాలు. తర్వాతవి రాత్రి 11:30, 12:15, 1:40. ప్రశ్న వాక్యాలు కూడా మారుతూ వచ్చాయి. మొదట "వాళ్లు ఫోన్ చేస్తారా?" ఆ తర్వాత "అతనికి నేను నచ్చానా?" ఆఖరి మూడు పేజీల్లో "నాలో ఏం లోపం ఉంది?"

"ఇది చదువు," అని ఆ మూడు ప్రశ్నలూ వేలితో చూపించాను. చదివింది. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఇది నేనెప్పుడు రాశానక్కా?" అంది.

"రాత్రి ఒంటిగంట నలభైకి. టైము నువ్వే వేశావు."

"అసలు వాళ్లని తప్ప అందరినీ అడిగాను కదా," అని నవ్వబోయి ఏడ్చేసింది. కళ్లు తుడుచుకుని తనే పిన్నికి ఫోన్ చేసింది. "అమ్మా, చులకనైతే అయ్యాం, నువ్వు ఒకసారి మధ్యవర్తిని అడుగు. అవునో కాదో ఏదో ఒకటి తెలియాలి నాకు." సాయంత్రానికి జవాబు వచ్చింది. వాళ్లు ఇంకో సంబంధం ఖాయం చేసుకున్నారట, చెప్పడానికి మొహమాటపడి ఊరుకున్నారట. బాధపడింది. కానీ ఆ రాత్రి పదింటికే పడుకుంది.

పధ్నాలుగు కార్డులూ కలిసి చెప్పలేనిది ఆ టైములు, ఆ వాక్యాలు చెప్పాయి. నోట్‌బుక్ లేకపోతే తను పధ్నాలుగో, నలభయ్యో ఎవరికి తెలుసు? "అప్పుడప్పుడూ చూసుకుంటున్నా" అని తనూ నమ్మేది, మేమూ నమ్మేవాళ్లం. ప్రశ్న "వాళ్లు" నుంచి "నాలో లోపం" దాకా జారిపోయిందని అసలే తెలిసేది కాదు.

అప్పట్నుంచి మా ఇద్దరికీ ఒక కట్టుబాటు ఉంది. ఒక ప్రశ్న ఒక్కసారే. బయట ప్రపంచంలో ఏదైనా నిజంగా మారితే తప్ప, అంటే ఫోన్ వస్తేనో, రిజల్ట్ వస్తేనో తప్ప, అదే ప్రశ్న రెండోసారి అడగకూడదు. రాత్రి పది తర్వాత డెక్ తీయకూడదు. అడగాలనిపిస్తే నోట్‌బుక్‌లో ప్రశ్న మాత్రం రాసి, టైము వేసి, మూసేయాలి. గీతలో పద్ధెనిమిదో అధ్యాయం, 63వ శ్లోకం ఒకసారి తీసి చూడండి. అంత బోధ చేసిన కృష్ణుడు కూడా ఆఖర్న, ఇదంతా బాగా ఆలోచించుకుని నీకెలా తోస్తే అలా చెయ్యి అని అర్జునుడికే వదిలేస్తాడు. సాక్షాత్తూ భగవంతుడు మనకి వదిలిన నిర్ణయాన్ని అట్టముక్కలకి అప్పజెప్పడం ఏం బావుంటుంది చెప్పండి.

ఆరోగ్యం, కోర్టు కేసు, షేర్లు, ఎవరైనా ఎప్పుడు పోతారు అనేవాటికి నేను కార్డు తీయను, మీరూ తీయకండి. రిపోర్టులో ఏముందో డాక్టర్‌గారు చెప్పాలి. నోట్‌బుక్‌లో వరుసగా రెండు వారాలు అర్ధరాత్రి ఎంట్రీలే కనిపిస్తున్నా, "నేను లేకపోతే బావుండు" లాంటి మాట ఒక్కటి కనిపించినా, డెక్ పక్కన పెట్టి ఇంట్లో ఒకరికి చెప్పండి. కేంద్ర ప్రభుత్వం వాళ్ల టెలి మానస్ నంబరు 14416, ఉచితం, ఏ టైములో అయినా తెలుగులో మాట్లాడొచ్చు. ఇది చదువుతున్న ఎవరికో ఒకరికి అవసరం పడుతుందనే రాస్తున్నాను.

చిన్నచిన్నవి కొన్ని. స్నేహితులకి కార్డు తీసిపెడితే వాళ్ల పేరు రాయకండి, "ఎ", "బి" అని రాసుకోండి. పీజీలో నలుగురు ఒకే గదిలో ఉంటారు, నోట్‌బుక్ ఎవరి చేతికైనా చిక్కుతుంది. తిరగబడిన కార్డుల అర్థాలు మొదటి మూడు నెలలు అక్కర్లేదు, నిటారుగా తిప్పి చదవండి. పది కార్డుల సెల్టిక్ క్రాస్ వెయిట్ పుస్తకంలో ఉంది కదా అని మొదటి వారమే వేయకండి. పది బొమ్మలు వర్ణించి రాయడానికి గంట పడుతుంది, మూడో కార్డుకే విసుగొచ్చి కాపీ కొట్టడం మొదలవుతుంది. రోజుకొక్కటి, అది కూడా కుదిరిన రోజున. రాయడానికి టైము లేని రోజు కార్డు తీయకపోతే పోయేదేం లేదు.

ఇంకొకటి ఈమధ్యే ఒకమ్మాయి మెయిల్‌లో అడిగింది: "నోట్‌బుక్ నిండిపోతే ఏం చేయాలండీ? రామకోటి పుస్తకంలా భద్రాచలంలో ఇవ్వాలా?" ఎంత ముచ్చటేసిందో! వద్దమ్మా. రామకోటి రాముడి కోసం రాసింది, ఆయనకి చేరాలి. ఇది నీ కోసం నువ్వు రాసుకున్నది. అట్ట మీద మొదటి తేదీ, ఆఖరి తేదీ వేసి బీరువాలో బట్టల కింద పెట్టుకో. ఆర్నెల్ల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం తీసి, కుడి పేజీల్లో ఇంకా ఖాళీగా ఉన్నవి నింపు.